పదకొండు తప్పులకు ఒకటే ఒప్పు

స్వాన్‌బరీలో ఎలియెజర్ ఫెన్ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళను ఎక్కడున్నా ఇట్టే పట్టెయ్యొచ్చు. చేతికి కొత్త పుస్తకం ఇస్తే చాలు. అట్ట చూడరు, పేరు చూడరు, తిన్నగా చివరి పేజీ తీస్తారు. అక్కడ తప్పొప్పుల పట్టిక ఉంటే కలం అడుగుతారు. ఫలానా పేజీలో ఫలానా మాట తప్పు, దాని బదులు ఇలా చదువుకోవాలి అని అచ్చువాడు ఒప్పుకున్నవన్నీ వరసగా దిద్దుకుంటారు. ఆ తర్వాతే మొదటి పేజీ. తప్పని తెలిసిన మాటను తెలిసీ చదవడం అబద్ధమాడడంతో సమానమని మాస్టారి సిద్ధాంతం. నలభై ఏళ్ళుగా ఆయన ఊళ్ళో మీటింగువాళ్ళ పిల్లలందరికీ ఈ ఒక్క అలవాటునూ బెత్తంతో సహా నూరిపోశాడు.

మీటింగువాళ్ళంటే రాజుగారి చర్చికి వెళ్ళకుండా, నేతగాళ్ళ సందు చివర ఇటుకల మీటింగు హాల్లో తమ పద్ధతిలో తాము ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆ హాల్లో ఆదివారం బోధ చేసేది మాస్టారే, పక్కనున్న బడిలో మిగతా రోజులు పాఠం చెప్పేదీ మాస్టారే.

కెజయా లబ్బక్‌కు ఆ బెత్తం రుచి బాగా తెలుసు. తొమ్మిదో ఏట భూగోళం పుస్తకాన్ని దిద్దుకోకుండా చదివేసి, డాన్యూబ్ నదిని తీసుకుపోయి వేరే సముద్రంలో కలిపినందుకు అరచేతి మీద రెండు తగిలాయి. ఇప్పుడామెకు నలభై రెండు. మొగుడు పోయి ఆరేళ్ళయింది. అతను వదిలిపోయిన అచ్చుశాలను అతని కంటే శుభ్రంగా నడుపుతోందని ఊరంతా అంటుంది, అతని అన్నదమ్ములు తప్ప. అక్షరాలు కూర్చడం ఆమె పని, యంత్రం లాగడం రూబెన్ సాడ్ పని. రూబెన్ ఆమె మామగారి కాలం నుంచీ ఉన్నవాడు. చేతిలో ఎంత బలముందో నోట్లో అంత దురుసుంది.

అది పదిహేడు వందల డెబ్భై మూడు, ఏప్రిల్ నెల. మీటింగువాళ్ళ మొహాలన్నీ వాడిపోయి ఉన్నాయి. చట్టం ప్రకారం వాళ్ళ బోధకులూ పంతుళ్ళూ రాజుగారి చర్చి మతసూత్రాలను ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆ సంతకం అక్కర్లేదనే బిల్లు లండన్‌లో కింది సభ దాటింది కానీ, బిషప్పులు కూర్చునే పై సభలో వరసగా రెండో ఏడు కూడా మట్టికరిచింది. ఫెన్ మాస్టారు ఆ సంతకం ఏనాడూ పెట్టలేదు. నలభై ఏళ్ళుగా ఎవరూ అడగనూ లేదు. అడగకుండా ఊరుకోవడం వేరు, అడిగే అధికారమే లేకపోవడం వేరు అంటూ ఆయన ఆ చలికాలంలో పదహారు పేజీల చిన్న పుస్తకం రాశాడు. కెజయా అచ్చువేసింది. అదే కొంప ముంచింది.

ఆ పదహారు పేజీలూ ఒకే ఒక్క మాట మీద దెబ్బలాట. ఆ మాట సహనం. మిమ్మల్ని సహిస్తున్నాం కదా, ఇంకేం కావాలని చర్చివాళ్ళు అడుగుతారు. పంటినొప్పిని సహిస్తాం, పక్కింటి కుక్క మొరుగుడిని సహిస్తాం. ఒక మనిషి తన దేవుడికి మొక్కుకుంటుంటే సహించడానికి మధ్యలో మీరెవరు? ఇవాళ సహిస్తానన్నవాడు రేపు ఇక సహించనంటే ఎవరికి చెప్పుకోవాలి? మాకు కావలసింది మీ సహనం కాదు, మా హక్కు. ఇదీ మాస్టారు రాసిన దాని సారాంశం. కెజయాకు అందులో ప్రతి వాక్యమూ వేళ్ళకు గుర్తుంది, తనే కూర్చింది కనుక.

బిల్లు ఓడిపోయిన కబురు ఊరు చేరిన వారానికి, ఒక మంగళవారం పొద్దున్న, జొసయా బార్విక్ అచ్చుశాలకు వచ్చాడు. ఉన్నిబట్టల వ్యాపారి, మీటింగు పెద్ద, అతనూ మాస్టారి శిష్యుడే. మంచివాడు. ఎవరితోనూ తగువు లేకుండా బతకడమే మంచితనమనుకునే రకం మంచివాడు. కోటు లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, వాటిని కెజయా వైపు రెండు వేళ్ళతో జరిపాడు.

సంగతేమిటంటే, ఊరి చర్చి పాదిరీ డాక్టర్ క్రోమార్ష్ ఆ చిన్న పుస్తకం చదివాడు. ఊరికి పాదిరీ ఆయనే, మేజిస్ట్రేటూ ఆయనే. ఆదివారం క్షమించమని ప్రార్థన చేయించి సోమవారం శిక్షలు వేస్తాడు. సంతకం పెట్టి అనుమతి తీసుకోకుండా బడి నడుపుతున్నందుకు మాస్టారి పేర వారంటు రాయించి సొరుగులో పెట్టుకున్నాడట. బెయిలు లేకుండా మూడు నెలల జైలు. జిల్లా జైలు ఏటి ఒడ్డునే ఉంటుంది, ఎండాకాలంలో కూడా గోడలు చెమ్మ కారుతుంటాయి. జైలు జ్వరంతో అక్కడి నుంచి బండిమీద వచ్చినవాళ్ళే ఎక్కువ, నడిచి వచ్చినవాళ్ళు తక్కువ. మాస్టారికి డెబ్భై ఒకటి. ఏడాదిలో ఆరు నెలలు దగ్గుతూనే ఉంటాడు.

అయితే పాదిరీగారు ఒక దారి చూపించాడు. మీటింగువాళ్ళంతా కలిసి, తమను సహిస్తున్నందుకు ప్రభువులకు ఒక కృతజ్ఞతాపత్రం సమర్పించుకోవాలి. రాసే శ్రమ కూడా వాళ్ళకు లేకుండా ఆయనే రాసి పెట్టాడు. అదే బల్ల మీద ఉన్న కాగితం. దాన్ని అచ్చువేయించి, శనివారం మధ్యాహ్నం సంత హాల్లో అందరి ఎదుటా మాస్టారే స్వయంగా చదవాలి. అచ్చులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చదవాలి, సొంతమాట ఒక్కటి కలపకూడదు. చదివేస్తే అక్కడికక్కడే వారంటు చించేస్తాడు.

"మాస్టారు ఒప్పుకున్నారా?" అంది కెజయా.

"ఒప్పుకున్నారు చెల్లెమ్మా. అచ్చయింది అచ్చయినట్టు చదువుతానని నా చేతిలో చెయ్యేసి చెప్పారు."

"ఆయన ఒప్పుకున్నారా, మీరు ఒప్పించారా అన్నగారూ?"

బార్విక్ టోపీ అంచు చూసుకున్నాడు. "ఆయన్ని జైల్లో పెడితే బడి మూత పడుతుంది. బడి మూస్తే తర్వాత మీటింగు మీద పడతారు. ఒక్క గంట తల వంచుకుంటే పోయేదేముంది?"

కెజయా కాగితం చదివింది. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. క్రోమార్ష్ ఏం చెప్పదలుచుకున్నాడో దాన్ని మేకు దిగ్గొట్టినట్టు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మా ఆరాధనకు సహనం తప్ప వేరే ఆధారం లేదు. మా పిల్లల చదువు సహనం వల్లనే సాగుతోంది, మరి దేనివల్లా కాదు. సహనం తప్ప మేమేమీ కోరము, కోరబోము. అలా ఎనిమిది పేజీలు. వేలు పెట్టి లెక్కపెడితే ఆ మాట పదకొండు చోట్ల ఉంది.

సాయంత్రం బార్లీ జావ గిన్నె పట్టుకుని ఆమె మాస్టారింటికి వెళ్ళింది. బడి మీది గదే ఆయన ఇల్లు. పొయ్యి దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని, చిరిగిన వాచకానికి జిగురు రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే పత్రం ఎన్ని పేజీలొస్తుందని అడిగాడు, ప్రూఫు జాగ్రత్తగా చూడమన్నాడు. ఆయన పత్రాన్ని తిడతాడని, బార్విక్‌ను తిడతాడని, కనీసం తననైనా తిడతాడని కెజయా అనుకుంది. ఆయన జిగురు రాసుకుంటూనే ఉన్నాడు.

"నిజంగా చదువుతారా మాస్టారూ?"

"మాటిచ్చాను కదే." తర్వాత చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక అన్నాడు, "నీ దగ్గర దాచడమెందుకు. నాకు భయమేసింది కెజయా. పుస్తకం రాస్తున్నప్పుడు వెయ్యలేదు. ఆ చెమ్మగోడలు తలుచుకుంటే వేసింది." వాచకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని నవ్వబోయాడు. "నా చిన్న పుస్తకానికి కూడా తప్పొప్పుల పట్టిక వెయ్యి. హక్కు అని ఉన్నచోటల్లా సహనం అని చదువుకోవలెను."

ఆ నవ్వు చూశాక ఆమెకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఇంటికి నడుస్తుంటే ఏడుపొచ్చింది. అది జాలి ఏడుపు కాదు, ఒళ్ళుమండిన ఏడుపు. నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లల చేత తప్పు దిద్దించిన మనిషి చేత తన ఒప్పును తనే కొట్టేయించుకునేలా చేశారు. ఆయన భయపడినందుకు ఆమెకు కోపం రాలేదు. ఆ దగ్గుకు ఎవరైనా భయపడతారు. భయపెట్టి, పైగా థాంక్స్ చెప్పించుకుంటున్నవాడి మీద వచ్చింది.

బుధ, గురువారాలు అక్షరాలు కూర్చింది. ఆ మాటకు వాళ్ళ భాషలో పది అక్షరాలు. పదిసార్లు చెయ్యి సీసపు అక్షరాల గళ్ళలోకి వెళ్ళొస్తే గానీ ఒక్క సహనం తయారవదు. ఏడోసారి కూర్చుతుంటే రూబెన్ యంత్రానికి నూనె వేస్తూ అటు చూశాడు.

"హక్కు అయితే అయిదక్షరాల్లో అయిపోయేదమ్మా. సగం సీసం మిగిలేది పాదిరీగారికి."

"నోరు మూసుకుని పని చూడు రూబెన్," అంది కెజయా. అంది కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. దాని వెనకే మాస్టారి మాట కూడా వచ్చింది. ఉన్నచోటల్లా, చదువుకోవలెను. పదకొండో సహనం కూర్చి పూర్తిచేసేసరికి ఏం చెయ్యాలో ఆమెకు తెలిసిపోయింది.

శుక్రవారం పొద్దున్న బార్విక్ వచ్చి ప్రూఫు చూశాడు. పాదిరీగారి రాతతో పక్కపక్కన పెట్టి, మాస్టారు నేర్పిన పద్ధతిలో వేలు జరుపుకుంటూ అక్షరం అక్షరం సరిచూశాడు. ఒక్క తప్పూ లేదు. సంతకం పెట్టి, తేలికపడిన మొహంతో వెళ్ళిపోయాడు. చివరి పేజీ అడుగున నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది.

మొదటి కాపీ లాగించి, ఆరబెట్టి, కెజయా దాన్ని విడిగా సొరుగులో పెట్టింది. అది మాస్టారిది. తర్వాత యంత్రం ఆపమంది. ఆ ఖాళీలో, చిన్న అక్షరాలతో, పైన గీత కొట్టి రెండు పంక్తులు కూర్చింది:

*తప్పొప్పుల పట్టిక: ఈ పత్రంలో "సహనం" అని పడిన పదకొండు చోట్లా "హక్కు" అని చదువుకోవలెను.*

రూబెన్ వెనక నుంచి వంగి, సీసంలో తిరగబడి ఉన్న ఆ అక్షరాలను చదివాడు. అతనికి మామూలు అచ్చు చదవడం కంటే తిరగబడ్డ అచ్చు చదవడమే సులువు. చదివి, గడ్డం గీరుకున్నాడు.

"ప్రూఫు మీద సంతకమయ్యాక కలపొచ్చా?"

"తప్పొప్పుల పట్టిక ఎప్పుడైనా ప్రూఫయ్యాకే వేస్తాం. ముందే తెలిస్తే తప్పే దిద్దేసేవాళ్ళం కదా."

రూబెన్‌కు ఆ న్యాయం నచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, మిగతా కాపీలన్నీ మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగకుండా లాగేశాడు.

కెజయా లెక్క తేలికైనదే. మాస్టారి చేతిలో పట్టికలేని కాపీ ఉంటుంది. ఆయన మాట ప్రకారం చదివేస్తాడు, వారంటు చిరుగుతుంది, ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంటాడు. జనం చేతుల్లో మాత్రం వేరే మాట ఉంటుంది. పాదిరీకి తెలిసేసరికి ఎవరి మీద పడతాడు? తన మీద. పడనీ. చర్చి ప్రకటనలు ఇక తన దగ్గరికి రావు, యంత్రం మీద ఏదో ఒక కేసు పెడతాడు. తనకు దగ్గు లేదు, చెమ్మగోడల భయం లేదు. అదంతా ఆమె ముందే అనుకుని కూర్చుంది.

శనివారం పన్నెండింటికి సంత హాలు నిండిపోయింది. ధాన్యం బస్తాలు ఒక మూలకు నెట్టి బల్లలు వేశారు. రెండు వందల మందికి తక్కువుండరు. నేతగాళ్ళు, రంగులద్దేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, అందరూ ఆదివారం బట్టల్లో వచ్చారు. చావింట్లో ఉన్నట్టు మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. వేదిక మీద ఎత్తు కుర్చీలో డాక్టర్ క్రోమార్ష్, పక్కన ఆయన గుమాస్తా, కింద కానిస్టేబుల్ హాబ్. కెజయా గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు కాపీ చేతికిచ్చింది. క్రోమార్ష్‌కూ ఒకటి పంపింది. ఆయన దాన్ని తెరవనైనా తెరవకుండా మోకాలి మీద పెట్టుకున్నాడు. తను రాసిందే కదా.

మాస్టారు మెల్లగా మెట్లెక్కాడు. సొరుగులో దాచిన కాపీని కెజయా తన చేత్తోనే ఆయనకిచ్చి వచ్చి, ముందు వరసలో నిలబడింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అలవాటు చొప్పున కాగితాలు తిరగేసి చివరి పేజీ తీశాడు. అడుగున ఖాళీ. మళ్ళీ మొదటి పేజీకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు చప్పుడు మొదలైంది. ముందు ఒక మూల, తర్వాత మధ్యలో, తర్వాత హాలంతా. కాగితం మీద పెన్సిలు గీరుకునే చప్పుడు. నేతగాళ్ళు చెవి వెనక నుంచి పెన్సిళ్ళు తీశారు, ఆడవాళ్ళు సంచుల్లోంచి తీశారు, లేనివాళ్ళు పక్కవాడిది అడుక్కున్నారు. చివరి పేజీ చూసి, మొదటి పేజీకి వచ్చి, తలలు వంచుకుని పని మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

నలభై ఏళ్ళుగా రోజూ విన్న చప్పుడు అది. మాస్టారు తల ఎత్తి కళ్ళద్దాల మీదుగా హాలంతా కలయజూశాడు. తర్వాత ముందు వరస వైపు వేలు ఆడించాడు. కెజయా వేదిక దగ్గరికి వెళ్ళింది. ఆయన వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"వాళ్ళంతా ఏం దిద్దుతున్నారు?"

"ఏం లేదు మాస్టారూ. మీరు చదివెయ్యండి."

"నా కాపీలో పట్టిక లేదేం?"

"మీకు అక్కర్లేదని వెయ్యలేదు."

"అక్కర్లేదని ఎవరనుకున్నారు?"

"నేనే అనుకున్నాను. మీ ఆరోగ్యం, ఆ జైలు... ఈ గొడవ నా మీదే పోతుంది, మిమ్మల్ని వదిలేస్తారని."

మాస్టారు ఆమెను కొంచెంసేపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమెకు అంత కష్టమయ్యేది కాదు.

"అయితే నువ్వు కూడా నన్ను సహిస్తున్నావన్నమాట," అన్నాడు.

డాన్యూబ్ నది నాటి రెండు దెబ్బలూ ఆ మాట ముందు దూదిపింజలు. కెజయాకు మొహమంతా మంటెక్కింది. తనూ అదే పని చేసింది. ఆయన భయపడతాడో లేదో, చదువుతాడో లేదో ఆయన తేల్చుకోవలసింది తను తేల్చేసింది, దయతోనే తేల్చింది. చేతిలో ఉన్న తన కాపీని ఆయనకిచ్చింది.

ఆయన చివరి పేజీ చదివాడు. చదివి, అడుగునున్న ఆ రెండు పంక్తుల మీద బొటనవేలితో ఒకసారి తడిమాడు. తర్వాత గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళి, అడక్కుండానే అతని కలం తీసుకుని సిరాలో ముంచాడు.

ఏమిటి ఆలస్యమని క్రోమార్ష్ అడిగాడు.

"అచ్చుతప్పులండీ డాక్టరుగారూ. అచ్చయింది అచ్చయినట్టు చదువుతానని మాటిచ్చాను. దిద్దుకోకపోతే మాట తప్పినవాణ్ణవుతాను."

పాదిరీ విసుగ్గా చెయ్యి ఊపాడు. మాస్టారు నిలబడే దిద్దాడు. ఒకటి, రెండు, మూడు. మధ్యలో దగ్గొస్తే ఆగాడు, మళ్ళీ దిద్దాడు. దిద్దుకోవడం ముందే అయిపోయినవాళ్ళు ఆయనకోసం తలలెత్తి చూస్తున్నారు. పదకొండోది అయ్యాక కలం గుమాస్తాకిచ్చేసి, థాంక్స్ చెప్పి, వేదిక మధ్యకు వచ్చి చదవడం మొదలుపెట్టాడు.

"స్వాన్‌బరీ మీటింగువారమైన మేము ప్రభువులకు వినయంగా విన్నవించుకునేదేమంటే, మా ఆరాధనకు హక్కు తప్ప వేరే ఆధారం లేదు."

హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. క్రోమార్ష్ తల కొంచెం పక్కకు తిరిగింది, సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు.

"మా పిల్లల చదువు హక్కు వల్లనే సాగుతోంది, మరి దేనివల్లా కాదు. ఈ మాట మా బిడ్డలకు ఉగ్గుపాలతో నేర్పుతామని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాము."

క్రోమార్ష్ లేచి నిలబడ్డాడు, ఆపమన్నాడు. మాస్టారు ఆపలేదు. అక్షరం పొల్లుపోకుండా, సొంతమాట ఒక్కటి కలపకుండా చదువుతున్నాడు. పాదిరీగారు ఎంత గట్టిగా కొట్టాడో మేకులు అంత గట్టిగా దిగుతున్నాయి. ముసలాయన గొంతు మొదట్లో బొంగురుగా ఉంది. నాలుగో పేజీకి వచ్చేసరికి ఆదివారం బోధ గొంతు వచ్చేసింది. హక్కు తప్ప మేమేమీ కోరము, కోరబోము అనే చివరి వాక్యం దగ్గర రెండు వందల మందీ ఆయనతో కలిసి చదివారు. కానిస్టేబుల్ హాబ్ ఎవర్ని పట్టుకోవాలో తెలియక తన టోపీ పట్టుకున్నాడు.

క్రోమార్ష్ మోకాలి మీది నుంచి జారిపడిన కాపీని అందుకుని చివరి పేజీ తీశాడు. చదివాడు. ఇది ఎవరి పని అని అరిచాడు.

కెజయా ఒకడుగు ముందుకేసింది. "నేనండీ. కెజయా లబ్బక్, అచ్చుశాల."

తప్పుగా అచ్చువేసినందుకు యంత్రం ముక్కలు చేయిస్తానన్నాడాయన.

"తప్పు అచ్చులో లేదండీ డాక్టరుగారూ. మీరిచ్చింది ఇచ్చినట్టే వేశాను, ప్రూఫు చూసినవారే సంతకం పెట్టారు. తప్పు రాతలోనే ఉంది. మేం దిద్దుకున్నాం."

అప్పుడు పాదిరీ చూపు బార్విక్ మీద పడింది. ఈ ఊళ్ళో తనకు మిగిలిన మర్యాదస్తుడు ఇతనొక్కడే అన్నట్టు చెయ్యి చాపి, తన దగ్గరున్నది కాక, జనానికి పంచినవాటిలో గీతలు పడనిది ఒకటి కోర్టుకు సాక్ష్యంగా కావాలి, నీది ఇలా ఇవ్వమన్నాడు. బార్విక్ ఎర్రబడ్డాడు. కాగితాన్ని ఒకసారి గుండెకు ఆనించుకుని, తర్వాత ఇచ్చేశాడు. క్రోమార్ష్ పేజీలు తిప్పాడు. పదకొండు చోట్లా సన్నటి పెన్సిలు గీత, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో వేరే మాట.

"అలవాటండీ," అన్నాడు బార్విక్. కొంచెమాగి, మొదటిసారిగా ఆ మొహంలోకి సూటిగా చూస్తూ, "వదులుకోదలుచుకోలేదు కూడానండీ," అన్నాడు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి హాబ్ వారంటు పట్టుకుని బడికి వచ్చాడు. మాస్టారు కోటు వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. కెజయా ఉన్ని దుప్పట్లు రెండు, జున్ను, రొట్టె మూటకట్టి తెచ్చింది. శనివారం నుంచీ ఆమె ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలని చూస్తోంది. నోరు తెరిచినప్పుడల్లా ఆయన వేరే సంగతెత్తుతున్నాడు, చివరికి ఆ పట్టికలో గీత మరీ లావుగా పడిందని కూడా విమర్శించాడు. దాంతో ఆమెకు ఆయన క్షమించేశాడని అర్థమైంది.

హాబ్ మొహమాటపడుతూ వారంటు చదవబోతే, మాస్టారు చెయ్యి చాపి తీసుకున్నాడు. ఒకటే కాగితం. తిరగేసి వెనక చూశాడు.

"పట్టిక వెయ్యడం మరిచిపోయారు పాపం," అన్నాడు. బల్ల మీది కలం తీసుకున్నాడు.

అందులో ఇలా ఉంది: *అనుమతి లేకుండా బడి నడిపినందుకు.* ఆయన రెండు మాటల మధ్య చిన్న గుర్తు పెట్టి, పైన ఒక్క మాట రాశాడు. సిరా ఆరేదాకా ఊది హాబ్‌కు తిరిగిచ్చాడు. ఇప్పుడందులో ఇలా ఉంది: *అనుమతి అవసరం లేకుండా బడి నడిపినందుకు.*

"ఇప్పుడు తప్పుల్లేవు. పద నాయనా."

గుమ్మం దగ్గర ఆగి, కోటు జేబులోంచి బడి తాళంచెవి తీసి కెజయా చేతిలో పెట్టాడు. తెరవమని చెప్పలేదు, మూసెయ్యమనీ చెప్పలేదు. అది ఆమె తేల్చుకోవలసిన సంగతి. ఆయన దగ్గు సందు మలుపు దాకా వినిపించింది, తర్వాత వినిపించలేదు.

కెజయా కూడా ఏ మతసూత్రాల కిందా సంతకం పెట్టినది కాదు. రేపు హాబ్ ఇదే గుమ్మంలోకి ఇలాంటి కాగితమే ఆమె పేర తేవొచ్చు, అవే చెమ్మగోడలు, అవే మూడు నెలలు. మంగళవారం పొద్దున్న ఆమె అచ్చుశాల రూబెన్‌కు అప్పజెప్పి వచ్చి, తాళం తీసి, కిటికీలు బార్లా తెరిచింది. గుమ్మం కూడా తెరిచే ఉంచింది, వీధిలో పోయే వాళ్ళందరికీ కనబడేలా. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు వచ్చి కూర్చుని పుస్తకాలు ముందు పెట్టుకున్నారు. వాళ్ళు మొదటి పేజీ తీయబోతుంటే ఆమె బల్ల మీద చేత్తో కొట్టింది, సందు చివరకు వినిపించేలా.

"ముందు చివరి పేజీ," అంది.